చక్రం కదిలితేనే జీతమా?

2025 ఆగస్టు 16న ఎయిర్ కెనడా విమానాల్లో పనిచేసే పదివేల మందికి పైగా క్యాబిన్ సిబ్బంది సమ్మెకు దిగారు. దాదాపు 5 లక్షల మంది ప్రయాణాలు చెదిరిపోయాయి. చదువుకో, పెళ్లికో, అయినవారి కడసారి చూపుకో బయలుదేరి ఆ విమానాశ్రయాల్లో చిక్కుకుని ఉంటే మనకూ కోపమే వచ్చేది. ఆ బాధ చిన్నది కాదు.

అయితే సిబ్బంది మొర కూడా వినాలి. ప్రయాణికులను ఎక్కించడం, సామాన్లు సర్దించడం, భద్రతా ఏర్పాట్లు చూడటం వారి పనే. కానీ జీతం లెక్క మాత్రం విమానం కదిలాకే మొదలయ్యేది! సమ్మె మొదలైన కొద్ది గంటలకే ప్రభుత్వం పనిలోకి వెళ్లమంది. వారు వెళ్లలేదు. 19న ఒప్పందం కుదిరింది. నేలమీద చేసే పనికి గంట జీతంలో సగంతో చెల్లింపు మొదలుపెడతామన్నారు. జీతాల పెంపు చాలదని సెప్టెంబరులో 99 శాతం మంది తిరస్కరించగా, ఆ తగవు మధ్యవర్తుల ముందుకు వెళ్లింది.

కోత కోసినవారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలి దేవుని ఎదుట మొరపెడుతుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 5:4). ఆ కూలి సకాలంలో అంది ఉంటే ప్రయాణికులకు ఈ అవస్థ తప్పేది కాదా?

కెనడా దాకా ఎందుకు? మనకోసం గంటల తరబడి కాచుకునే డ్రైవరుకు ఆ గంటలు పని కావా? ఆరాధనకు ముందు కుర్చీలు వేసి, అయ్యాక మందిరం ఊడ్చే మనిషికి మనం ఏ లెక్కన ఇస్తున్నాం? ఈ ఆదివారం ఆ లెక్క సరిచూసుకుందాం.