మొండిగోడల మీద కప్పు ఎప్పుడు?

మన వాడల్లో గుడిసెలు తగ్గినయి, మొండిగోడలు పెరిగినయి. పునాది దగ్గర ఆగిన ఇల్లొకటి, గోడలు లేచి కప్పు లేని ఇల్లొకటి, స్లాబు పడ్డా తలుపుల్లేక గోనెసంచి కట్టుకున్న ఇల్లొకటి. వాటిని చూసి ఊళ్ళో పెద్దమనుషులు ‘సర్కారు పైసలిస్తే తాగి తిన్నరు’ అంటారు. ఈ నింద మోయాల్సిన అవసరం మనకు లేదు. ఆ గోడ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో లెక్కగట్టి చెప్పాలి. వాడలో చిన్న ఇళ్ళ సంఘం పెట్టి నాలుగు చందాలు పోగు చేద్దామనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముందు ఈ లెక్క నేర్చుకోవాలి.

1985-86లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనప్పుడు అది ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విడుదలైన వాళ్ళకు ఉద్దేశించింది. 2016లో అదే ప్రధానమంత్రి ఆవాస్ యోజన అయింది. మైదాన ప్రాంతంలో ఇంటికి 1,20,000 ఇచ్చే పథకం అది. ఆ సొమ్ముతో ఇల్లు పూర్తి కాదని ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళకు 5 లక్షలు. అదీ ఒక్కసారి రాదు, నాలుగు విడతలు. బేస్‌మెంటు కట్టి ఫొటో దిగితే గాని మొదటి లక్ష పడదు. అంటే పని ముందు, పైసలు తర్వాత. కూలికి పోయే మనిషి ముందు పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలి?

వడ్డీ వ్యాపారి దగ్గరికే పోతది. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. 60 వేలు తెస్తే నెలకు 1,800. బిల్లు ఐదు నెలలు ఆలస్యమైతే 9 వేలు మిత్తికే పాయె. ఆ 9 వేలే తలుపులు, కిటికీలు. గోనెసంచి కథ ఇదీ.

కాబట్టి నా అభిప్రాయం ఒకటే. చిన్న సంఘం ఇళ్ళు కట్టివ్వడానికి పోవద్దు. బిల్లుకూ బిల్లుకూ నడుమ ఉన్న సందును పూడ్చాలి. మూడు లక్షల చందా వచ్చిందనుకోండి. ఆ సొమ్ముతో ఒక్క ఇల్లు కూడా పూర్తి కాదు. అదే సొమ్ము ఐదుగురికి తలా 60 వేలు మిత్తి లేని చేబదులుగా ఇస్తే ఐదు ఇళ్ళు బేస్‌మెంటు దాటుతాయి. మొదటి బిల్లు పడంగనే మొత్తం కట్టమని పీడించొద్దు, గోడలు ఆగిపోతాయి. మొదటి మూడు బిల్లుల్లో 20 వేల చొప్పున తీసుకోవాలి. స్లాబు బిల్లు వచ్చేసరికి సొమ్ము తిరిగొస్తుంది, ఇంకో ఐదుగురికి పోతుంది. సొమ్ము అదే, ఇళ్ళు మాత్రం పెరుగుతుంటాయి.

‘కట్టలేని ముసలామె సంగతేంది సారూ?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి వేరే ఖాతా ఉండాలి. ఒంటరి ఆడవాళ్ళు, మంచాన పడ్డవాళ్ళ ఇంటికప్పు బాగుచేయడానికి కొంత చందా తిరిగి అడగని సొమ్ముగా పక్కన పెట్టాలి. చేబదులు సొమ్మును, దానం సొమ్మును కలిపితే ఆరు నెలల్లో రెండూ మునుగుతాయి.

ఇక అసలు తగాదా ఎవరికి ముందు అనే దగ్గర వస్తుంది. జాబితా కమిటీ గదిలో రాయొద్దు, వాడ నడుమ రాయాలి. కమిటీలో ఉన్నవాళ్ళ చుట్టాలు చివర. కమిటీలో సగం ఆడవాళ్ళు. మాలవాడ, మాదిగవాడ రెంటినుంచీ మనుషులుండాలి. డక్కలోళ్ళ గుడిసె, చిందోళ్ళ గుడిసె లెక్కలో ఉన్నదా లేదా చూడండి. ఊరు మనల్ని వెలేసిందని అడిగే మనం మన వాడ చివర ఇంకొక వెలివాడను ఉంచుకుంటే, అడిగే నోరు మనకెక్కడిది?

కాగితాల పని చిన్నచూపు చూడొద్దు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే సంఘం రిజిస్టరు చేయవచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, ఆడిట్ చేయించాలి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, అందులో ఒకటి ఆడమనిషిది. విదేశీ పౌరసత్వం తీసుకున్న వాళ్ళ డబ్బు, విదేశీ సంస్థల డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. దుబాయిలో, మస్కట్‌లో కష్టపడే మన పిల్లలు భారత పౌరులే గనక, వాళ్ళ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ చట్టం అడ్డం రాదు. రశీదు మాత్రం తప్పక ఇవ్వాలి.

పునాది తవ్వేముందు జాగా కాగితం చూడండి. పట్టా ఎవరి పేర ఉన్నది? నిషేధిత భూముల జాబితాలో ఉన్నదా? చెరువు శిఖమా? అమ్ముడుపోని పల్లపు జాగాను దానమని మన చేతిలో పెట్టే దొరలున్నారు. మొదటి పెద్ద వానకే ఆ దానం సంగతి తెలుస్తుంది.

సిమెంటు పదిమందికి కలిపి కొంటే ధర తగ్గుతుంది. అట్లని నెలల తరబడి నిలవ పెట్టొద్దు. మూడు నెలలైతే బలం తగ్గుతుంది, వానాకాలం గడ్డకడుతుంది. పని మొదలయ్యే వారానికి ఎంత కావాలో అంతే తెప్పించాలి.

దాత పేరు తలుపు మీద రాయొద్దు. లోపల కాపురముండే మనిషి పొద్దుమాపు ఒకరి పేరు కింద తలవంచి ఎందుకు దాటాలి? దాతకు ఉత్తరం రాయండి, లెక్క పంపండి, అది చాలు. పేరు పెట్టకపోతే ఇవ్వనన్నవాని సొమ్ము లేకుండానే పని నడుస్తుంది.

చివరిగా లెక్క. నెలకొకసారి రాత్రి తిండ్లయినంక వాడ నడుమ లైటు కింద చదవాలి. ఎవరికెంత ఇచ్చినం, ఎంత వచ్చింది, ఎవరి బిల్లు ఏ ఆఫీసులో ఆగింది. బడికి పోయే ఆడపిల్లతో చదివించండి. అర్థం కాని చోట ముసలోళ్ళు ఆపి అడుగుతారు. అట్ల అడగనియ్యాలి, జవాబు చెప్పాలి. బిల్లు ఆగిందని ఆ రాత్రి తెలిస్తే, తెల్లారి మండల ఆఫీసుకు పోయేది ఒక్క మనిషి కాదు, వాడంతా. ఒక్కరు పోతే ‘రేపు రా’ అనే గుమాస్తా, నలభైమందిని చూస్తే ఫైలు వెతుకుతాడు.

వచ్చే పక్షంలోగా మీ వాడలో ఆగిన గోడలు ఎన్ని, ఏ విడత దగ్గర ఆగినయో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. సంఘం పని అక్కడ్నే మొదలైతది.