పేరు పెట్టడం

మొన్న మా అక్కయ్య మనుమరాలికి నామకరణం చేశారు. పేరు తేలేసరికి పది రోజులు పట్టింది. "ఏరా, గుప్పెడంత పిల్లకు ఇంత తర్జనభర్జనా!" అని అక్కయ్య నవ్వింది. వేలెడంత ప్రాణికి పేరు పెట్టడానికి ఆరేళ్ళు పట్టిన సంగతి అప్పుడు చెప్పాను.

సముద్రం అడుగున రొయ్యకు దూరపు చుట్టాలున్నాయి. వాటిని ఆంఫిపోడ్‌లంటారు. రొయ్యకు తలనూ రొమ్మునూ కలిపి కప్పే డిప్ప ఉంటుంది, వీటికి ఉండదు. ఒళ్ళు రెండు పక్కల నుంచీ నొక్కినట్లుంటుంది. ఇంతవరకు ఎవరైనా పోల్చుకోవచ్చు. చిక్కంతా ఆ తరువాతనే. ఏది ఏ జాతిదో తేల్చాలంటే కాళ్ళ కణుపులు, నోటి భాగాలు, వాటిమీది నూగు సైతం సూక్ష్మదర్శిని కింద చూచి, బొమ్మలు గీసి, పాతవాటితో సరిపోల్చాలి.

అంత చేసినా పొరబాట్లు తప్పవు. 1822లో పేరు పొందిన యూరిథెనీస్ గ్రిల్లస్ అనే దానిని, సముద్రాలన్నిటా వ్యాపించిన ఒకే జాతి అని చాలాకాలం అనుకున్నారు. 2013లో జన్యువులను పరిశీలించి చూస్తే, ఆ ఒక్క పేరు చాటున పలు జాతులున్నట్లు బయటపడింది. ఒకే ఇంటిపేరు గల వాళ్ళందరినీ ఒకే మనిషి అనుకున్నట్లన్నమాట!

ఆ కుటుంబానికే చెందినవి మరికొన్ని 2014లో పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధంలో, ఆరువేల మీటర్లకు పైబడిన లోతున, ఎర పెట్టిన బోనులలో చిక్కాయి. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు పరీక్షించగా అది కొత్త జాతి అని తేలింది. వాటిలో ఒకదాని పొట్టలో కంటికి ఆననంత సన్నని ప్లాస్టిక్ పోగు కనిపించింది. మనం నీళ్ళు తాగి పారవేసే సీసాలు ఏ సరుకుతో చేస్తారో, దాదాపు ఆ సరుకే. అందుకని 2020లో ఆ జాతికి యూరిథెనీస్ ప్లాస్టికస్ అని పేరు పెట్టారు.

అక్కయ్య నవ్వు ఆగిపోయింది. "అయితే మనం దాన్ని చూడకముందే మన చెత్త దాన్ని చేరిందన్నమాట" అన్నది.

నూగు లెక్కపెట్టే ఈ పని ఎందుకని అడిగేవారికి ఇంతకన్న జవాబు అక్కరలేదు. పేరైనా లేని ప్రాణి నశించిపోతే, ఏది పోయిందని చెప్పుకొంటాము?

మన తెలుగులో పేరు పెట్టడమంటే నామకరణమే కాదు, తప్పు పట్టడం కూడాను. ఈ ప్రాణి విషయంలో రెండూ ఒకేసారి జరిగాయి. నామకరణం దానికి, తప్పు మనది.