నీళ్ళు ఎందాకా వస్తాయండీ?

ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండవది. 2009 అక్టోబరులో 11.10 లక్షలు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చాయి. ఈ అంకెలు బెజవాడలో అందరికీ కంఠతా వచ్చేశాయి. కాని లంకలో రైతు అడిగేది ఒక్కటే: “నీళ్ళు మా అరుగు దాకా వస్తాయా, రావా?” ఆ ప్రశ్నకు క్యూసెక్కులు జవాబు చెప్పవని నా వాదం.

ఎందుకంటారా? నది గట్ల మధ్య ఉన్నంతసేపు లెక్క సులువే. ఐర్లండు ఇంజనీరు మానింగ్ 1889లో చెప్పిన సూత్రాన్ని మన సివిల్ విద్యార్థులు నిద్రలో కూడా అప్పజెపుతారు. నీరు పొర్లి లంక చేలమీదికి ఎక్కిందో, వ్యవహారం మారిపోతుంది. అక్కడ లోతు జానెడే. నీటిని రాసుకునే నేల మాత్రం ఒక్కసారిగా ఎంతో పెరిగిపోతుంది. ఏటినీ లంకనూ కలిపి ఒకే కాలువగా లెక్కగడితే, నీరు పెరిగిన కొద్దీ ప్రవాహం తగ్గినట్టు వింత జవాబు వస్తుంది. మట్టం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

పోనీ, నిలువు గీత గీసి రెంటినీ విడదీద్దామా? అప్పుడు పొరపాటు రెండోవైపు. ఏటి నడుమ నీటిది పరుగు, అరటితోటల్లో నీటిది నడక. రెండూ ఒరుసుకునే చోట సుడులు లేచి, పరుగెత్తే నీటిని వెనక్కి లాగుతాయి. ఈ సుడులను సెల్లిన్ 1964లోనే ప్రయోగశాలలో చూపించాడు. ఆ లాగుడును లెక్కలో వేయకపోతే మట్టం తక్కువని చెప్పి, జనాన్ని ఇళ్ళల్లోనే కూర్చోబెడతాం. ఎక్కువ చెబితే ఒక రాత్రి నిద్ర పోతుంది. తక్కువ చెబితే గొడ్డూ గోదా, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి.

పైగా లంక ఏటేటా ఒకేలా ఉండదు. పసుపు వేసిన ఏడు వేరు, అరటి వేసిన ఏడు వేరు. ఆఫీసులో కూర్చుని గరుకుదనానికి ఏదో ఒక అంకె వేసుకుంటే సరిపోదు. చేను చూసి వేయాలి.

కనుక నేననేది ఇది. బ్యారేజీ దిగువన ప్రతి లంక ఊళ్ళోనూ ఒక కొలబద్ద పాతాలి. ఇన్ని లక్షల క్యూసెక్కులకు ఇక్కడ ఇన్ని అడుగులని దానిమీద రాయాలి. 2009, 2024 వరదలు ఎందాకా వచ్చాయో పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండగానే ఆ గుర్తులు కొలిచి, మన లెక్కతో సరిచూడాలి.

మిత్రులారా! ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో రోడ్లు ఊడ్చింది చాలు. ఈ వేసవికి లెవెలింగు పరికరం భుజాన వేసుకుని లంకల్లోకి నడుద్దాం. మనం చదివిన సూత్రం ఆ రైతు అరుగు దాకా పోకపోతే, ఇక ఆ చదువెందుకు?