మెట్ట పల్లెల బిడ్డలకు తెడ్డు కొత్తే, చెమట కొత్త కాదు

అహోబిలం: పడవ పందేలు కృష్ణా, గోదావరి తీరాల వారికే గాని సీమవాసులకు అచ్చిరావన్న అభిప్రాయం మన పల్లెల్లో ఉంది. వానచుక్క కోసం మొగులు వంక చూసేచోట తెడ్డు పట్టేదెవరని అడిగేవారూ ఉన్నారు. హైదరాబాదుకు చెందిన రోయింగ్ శిక్షకుడు ఇస్మాయిల్ బేగ్ కృషిని గమనిస్తే ఈ అభిప్రాయం సరికాదని తేలుతుంది.

ఏళ్ల తరబడి భారత జట్టుకు ప్రధాన శిక్షకుడుగా పనిచేసిన బేగ్‌కు 2005లో ద్రోణాచార్య పురస్కారం లభించింది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బజరంగ్ లాల్ తఖర్ రోయింగులో దేశానికి తొలి స్వర్ణం సాధించాడు. ఆయనది వానలు తక్కువైన రాజస్థాన్‌లోని సీకర్ జిల్లా. 2018 ఆసియా క్రీడల్లో నలుగురు నడిపే పడవ మరో స్వర్ణం తెచ్చింది. ఆ నలుగురిలో దత్తు భోకనల్‌ది నాసిక్ జిల్లాలోని కరవు పల్లె. తండ్రితో కలిసి బావులు తవ్విన ఈ యువకుడు 2012లో సైన్యంలో చేరిన తరువాతనే తెడ్డు పట్టాడు. నాలుగేళ్లకే రియో ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? ఈ క్రీడలో శిక్షకుడు ముందు చూసేది ఏటి ఒడ్డున పుట్టాడా అని కాదు. ఎత్తు, చేతుల పొడవు, ఊపిరి బలం, కష్టానికి ఓర్చే గుణం. పందెం దూరం 2,000 మీటర్లు. తెడ్డు చేతిలో ఉన్నా పడవను తోసేది ప్రధానంగా కాళ్ల బలమే. నేలమీద యంత్రంపై సాధన చేయించి, ఆపై పడవ ఎక్కించవచ్చు. నలుగురి పడవలో ఒక్కరు లయ తప్పినా వేగం పోతుంది. పార్వేట పల్లకీ మోసే బోయీల అడుగులు చూసిన అహోబిలం ప్రాంతీయులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఓటమిని తట్టుకోవడం కూడా శిక్షణలో భాగమే. 2018లో భోకనల్ ఒంటరి పడవ పందెంలో చివరివాడుగా వచ్చాడు. మరునాడే సహచరులతో కలిసి స్వర్ణం గెలిచాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బేగ్ శిష్యులు అర్జున్ లాల్ జాట్, అరవింద్ సింగ్ 11వ స్థానం పొందారు. అప్పటికి ఒలింపిక్ రోయింగులో మనవారికి అదే మేటి ఫలితం.

ఇక నీళ్లంటారా, వెలుగోడు, అవుకు, గండికోట, బ్రహ్మంసాగర్ జలాశయాలు మన రెండు జిల్లాల పరిధిలోనే ఉన్నాయి. కాలువల్లో ఈతకు దిగి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు కూడా మనకు కొత్త కాదు. కాబట్టి మొదట కావలసింది ఈత నేర్పే ఏర్పాటు. పడవలు కొనడానికి ముందే ఒకటి రెండు ఉన్నత పాఠశాలల్లో సాధన యంత్రాలు పెట్టవచ్చు. వ్యాయామోపాధ్యాయులు పొడగరులైన పిల్లలను గుర్తించవచ్చు. వేసవిలో నీటిమట్టం ఎక్కడ నిలుస్తుందో నీటిపారుదల అధికారులు చెబితే, తగిన జలాశయాన్ని క్రీడాశాఖ ఎంపిక చేయవచ్చు. రక్షణ కోటులు, కాపలా పడవ లేనిదే ఎవరినీ నీటిలోకి దించకూడదు.

బావి తవ్విన చేయి తెడ్డుకు పనికివచ్చింది. బండలు కొట్టే, మడక పట్టే చేతులు మన పల్లెల్లో కొదువ లేవు. వాటిని గుర్తించే కన్నే కావాలి. జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయమై ఆలోచించడం అవసరం.