మాట వినబడవలదా?

మద్దికెరలో మా మిత్రుడొకడు 11 అడుగుల గదిలో హోం థియేటరు అమర్చినాడు. ముందటి స్పీకర్లు ఒక కంపెనీవి, నడిమిది వేరొకటి, బాస్ పెట్టె మరొకటి. గోడలు బోసివి, నేల నాపరాయి. సినిమాలో తుపాకిమోత గుండె నదరజేసినది. సంభాషణ మాత్రము పొల్లువలె తేలిపోయినది. తెలుగు చెప్పుకొని బ్రదుకువాడను, ఒత్తు పోయిన మాటను నేను సహింపలేను. నడిమి స్పీకరును మార్చెదనన్నాడతడు. నేనొప్పుకొనలేదు.

ఒకే శక్తి నిచ్చినను అన్ని స్పీకర్లు ఒకే బిగ్గరగా పలుకవు. కూర్చుండు చోట, చెవి యెత్తున మాపకము నుంచి, పరీక్షాధ్వనితో ఒక్కొక్కదానిని 75 డెసిబెల్సుకు తెచ్చితిమి. దూరములను టేపుతో కొలిచి యంత్రమునకు తెలిపితిమి. ధ్వని 34 సెంటీమీటర్లు పోవుటకు సెకనులో వేయవవంతు పట్టును గదా! చిక్కంతయు బాసుతోనే. అంత పొడవు గదిలో 50 హెర్ట్జుల దగ్గర గోడల నడుమ స్థిరతరంగ మేర్పడును. మూలనున్న పెట్టె దానిని మరింత రెచ్చగొట్టును. పెట్టెను మూలనుండి జరిపి, నేలపై జంపఖానా పరచితిమి. స్పీకర్ల గొంతులలోని భేదము కొంత మిగిలినమాట నిజమే. అయినను కొత్తది కొనకయే ఒత్తులు వినవచ్చినవి.

మోత తగ్గినదని మిత్రుడు మాత్రము కొంచెము నొచ్చుకొన్నాడు.