ధర్మసూక్ష్మ మెవరి కొరకు?

తెలుగువారి నోట నిత్యమును నలుగుచుండు మాటలలో 'ధర్మసూక్ష్మము' అనునది యొకటి. పురాణవేదికపై పౌరాణికుడు దీనిని పలుకును. తగవు తీర్చు పెద్దమనిషి దీనిని పలుకును. తండ్రిసొత్తు పంచుకొనునపుడు అన్నగారు దీనిని పలుకును. పలికినంతనే ప్రశ్న యడుగువారి నోరు మూతపడును. ఇంతటి మహిమగల యీ మాట బలవంతునకు నష్టముగను, బలహీనునకు లాభముగను ఉపయోగింపబడుట నలువది దాటిన మా జీవితములో ఒక్కసారియైనను మేము చూచియుండలేదు. కావున దీనిని గూర్చి కొంత విచారింప నెంచితిమి.

మేము నివసించుచున్నది సికింద్రాబాదులోని రెజిమెంటల్ బజారు. నిజాము సికందర్ జా పేర 1806లో వెలసిన యీ నగరము ఆంగ్లసైన్యపు దండును ఆశ్రయించి పెరిగినది. ఆ పటాలములు పోయినను వాని జ్ఞాపకము మా బజారు పేరులో నిలిచియున్నది. రైలుస్టేషనుకు చేరువనున్న ఈ ఇరుకు సందులలో ఒక గుడిమంటపమున ఇటీవల భారతప్రవచనము జరిగినది. పౌరాణికుడు విద్వాంసుడు; కంఠము శ్రావ్యము. లాక్షాగృహదహనము చెప్పిన నాడు మంటపము క్రిక్కిరిసియుండెను. విదురుని హెచ్చరిక, సొరంగము త్రవ్వుట, అర్ధరాత్రమున భీముడు నిప్పంటించుట, పాండవులు తల్లితో తప్పించుకొనుట - అన్నియు కన్నులకు కట్టినట్లు చెప్పెను. మరునాడు బూడిదలో ఆరు శవములు కనబడగా, పాండవులును కుంతియు మరణించిరని వారణావతపు ప్రజలు విలపించిరని చెప్పి కథ ముగించెను. అంతట మా బడిలో చదువు పన్నెండేండ్ల బాలిక యొకతె లేచి, "మరి ఆ ఆరుగురు ఎవరు సార్?" అని యడిగినది.

"మంచి ప్రశ్న తల్లీ! అది ధర్మసూక్ష్మము. పెద్దదానవైన తరువాత నీకే తెలియును" అని పౌరాణికుడు నవ్వెను. సభవారును నవ్విరి. బాలిక కూర్చుండెను. మేము ఆమెకంటె ముప్పదియేండ్లు పెద్దవారము. మాకింకను తెలియలేదు.

ఆ ఆరుగురెవరో వ్యాసుడు దాచలేదు. ఆ రాత్రి కుంతి విప్రులకు అన్నదానము చేసినది. అన్నమాశించి ఒక నిషాదస్త్రీ తన యైదుగురు కొడుకులతో వచ్చినది. వారు తిని, మద్యము త్రాగి, ఒడలెరుగక ఆ యింటనే నిద్రించిరి. ఆమె రాక కాలప్రేరితమని కవి చెప్పిన మాట నిజమే. కాని, పురోచనుని దహించి, ఆరు ప్రాణుల నిచ్చట నుంచి, ఎవరి కంటను పడక వెడలిపోవుదమని ధర్మరాజు అంతకు ముందే తలపోసిన మాటయు ఆ గ్రంథముననే యున్నది. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చదివినవారికి ఆ రాత్రి విందు మరియొక రీతిగా కనబడక మానదు. ఆ తల్లికి కథలో పేరు లేదు. కొడుకులకును పేర్లు లేవు.

ఇంతమాత్రముచేత మేము ఇతిహాసములను దూషింప బూనితిమని పాఠకులు తలపరాదు. మా యభిప్రాయము దీనికి విరుద్ధము. భారతము తన నాయకుల తప్పుల లెక్కను తానే వ్రాసికొన్న గ్రంథము. ద్రోణునితో ధర్మరాజు అర్ధసత్యమాడినంతనే, అంతవరకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచిన యాతని రథము నేలనంటినది. ఆ కపటమునకే స్వర్గారోహణపర్వమున ఆతడు నరకమును చూడవలసివచ్చినది. గదాయుద్ధమున సుయోధనుని తొడలు విరుగగొట్టినపుడు బలరాముడు కోపించి, తమ్ముడు చెప్పిన సమాధానముతో తృప్తినొందకయే వెడలిపోయెను. గాంధారి శాపమును శ్రీకృష్ణుడంతవాడు త్రోసిపుచ్చలేదు; ముప్పదియాఱవ యేట యాదవులు ఒకరినొకరు చంపుకొనిరి. రామాయణమున చాటునుండి కొట్టబడిన వాలికి వాల్మీకి నోరు కట్టలేదు. బాణము రొమ్మున నుండగనే రాముని నిలదీయనిచ్చినాడు.

ఇంత నిష్ఠతో వ్రాసిన లెక్కలో ఒక్క పద్దు మాత్రము వ్రాయబడలేదు. ధర్మరాజు నరకమున వినిన కంఠములు కర్ణునివి, తమ్ములవి, ద్రౌపదివి, ఆమె కుమారులవి, ధృష్టద్యుమ్నునివి. నిషాది కంఠ మచ్చట లేదు. గాంధారి రాణి గనుక ఆమె శాపము ఫలించినది. వాలి రాజు గనుక ఆతనికి ఉత్తరము లభించినది. శపించుటకును ఒక యంతస్తు కావలెను కాబోలు! కవి విడిచిన యీ పద్దును చదువరి వ్రాసికొనవలెను. అట్లు వ్రాసికొనబోయిన బాలికను 'ధర్మసూక్ష్మ'మని కూర్చుండబెట్టుట కవికి చేసిన సేవ కాదు.

అసలీ మాట భారతమున ఎక్కడ వచ్చినదో చూడుడు. జూదమున తన్ను తాను ఓడినవాడు నన్నెట్లు ఒడ్డెనని ద్రౌపది కురుసభలో అడిగినది. దానికి భీష్ముడు, ధర్మము సూక్ష్మమగుటచే నీ ప్రశ్నను సరిగా తేల్చి చెప్పజాలకున్నాననెను. అది అనుమతి కాదు, ఓటమి. సకలధర్మములు తెలిసిన వృద్ధుడు, రాజాన్నము తినుచు, అన్యాయము కనులయెదుట జరుగుచుండగా నోరాడక పలికిన మాట. ఆ సభలోనే ధృతరాష్ట్రుని కొడుకులలో వికర్ణుడను యువకుడు లేచి, ద్రౌపది గెలువబడలేదని స్పష్టముగా పలికెను. ఆతనికి ఏ సూక్ష్మమును అడ్డము రాలేదు. సభలో కూర్చుండి, తెలిసియు పలుకనివారికి ఆ యధర్మములో భాగము కలదని విదురుడును అచ్చటనే చెప్పెను. ఇంతమంది పలికిన సభనుండి మన పౌరాణికులు ఏరి తెచ్చుకొన్నది భీష్ముని నిస్సహాయతను! దానినే వారు సిద్ధాంతముగా చేసి మనకు పంచిపెట్టుచున్నారు.

తప్పు చేసిన వీరుడు ఎట్లు మాటాడవలెనో తెలిసికొనగోరువారు స్త్రీపర్వమును చదువవలెను. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న గాంధారి, నాభికి దిగువను ఏల కొట్టితివని భీముని అడిగినది. అది ధర్మమో అధర్మమో, ప్రాణభయముచేత నన్ను కాపాడుకొనుటకు చేసితిని, క్షమింపుమని భీముడు చెప్పెను. న్యాయముగా పోరినచో నీ కొడుకును గెలువజాలకపోదునని ఒప్పుకొనెను. మోటువాడని మనము నవ్వుకొను భీముడు ఆ క్షణమున భీష్మునికంటె ధర్మమునకు దగ్గరగా నున్నాడని మా నమ్మకము.

దీనికి పూర్వాచారపరులు రెండు సమాధానములు చెప్పుదురు. ఆ యుగధర్మము వేఱట; దేవతల చేష్టలను మానవులు ప్రశ్నింపరాదట. ద్రౌపది ఏ యుగమువారలు? వికర్ణుడు, వాలి, బలరాముడు, గాంధారి ఆంగ్లవిద్య చదివి చెడిపోయినవారా? ఆ యుగమున పుట్టినవారే ఆ యుగమున అడిగిన ప్రశ్నలివి. వానిని మేము బయటినుండి తెచ్చి అంటగట్టలేదు.

ఇక రెండవ పక్షము కలదు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 'శంబుకవధ' నాటకమును వ్రాసి, నోరులేని శంబుకునకు నోరిచ్చిరి. ఆ సాహసమునకు మేము నమస్కరింతుము. కాని తరువాత పుట్టిన వాడుక వేఱు. నాయకుని దించి ప్రతినాయకుని ఆ పీఠముపై కూర్చుండబెట్టిన చాలునని కొందరు తలచుచున్నారు. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' చిత్రమున నందమూరి తారకరామారావుగారు కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు తామే యైరి. ప్రేక్షకుల చప్పట్లలో అధికభాగము సుయోధనునకే దక్కినది. నటన అద్భుతము. కాని లక్కయిల్లు కట్టించినవా డా సుయోధనుడే కదా! పీఠముపై నెవరు కూర్చున్నను, నిషాది బూడిదలోనే యున్నది, ద్రౌపది ప్రశ్న గాలిలోనే యున్నది. నాయకుని మార్చుట న్యాయము చేయుట కాదు.

ఆ తారకరామారావుగారే ముఖ్యమంత్రిగా నుండగా, 1986లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును చట్టము చేసిరి. అప్పటికే వివాహమైన కుమార్తెలకు అది వర్తింపలేదు. 2005లో కేంద్రచట్టము ఆ భేదమును తొలగించి దేశమంతట ఆ హక్కు నిచ్చినది. చట్టము వచ్చినది గాని, ధర్మసూక్ష్మము పోలేదు.

మే మెరిగిన సంగతి యొకటి చెప్పెదము. ఆ ప్రవచనమునకు రెండు నెలల ముందు మా వీథిలో ఒక కుటుంబమువారు తండ్రి గతించిన పిమ్మట ఇల్లు పంచుకొనదలచిరి. అన్నలిద్దరు, చెల్లె లొకతె. ఆమె భర్త చనిపోయి నాలుగేండ్లయినది, కుట్టుమిషనుపై బ్రతుకుచున్నది. అన్నలు హక్కు విడుదల పత్రమును వ్రాయించి యుంచి ఆమెను పిలిపించిరి. "చట్టం ఏమన్న అననీ చెల్లె, పుట్టింటి రాకపోకలు ఉండాల్నా వద్దా? ఇది ధర్మసూక్ష్మం" అని పెద్దన్న యనెను. ఆమె పత్రమువంక చాలసేపు చూచి, "ఆ సూక్ష్మం ఎప్పుడు జూసినా మీకే కనబడుతది. నాకెందుకు కనబడదన్నా?" అని యడిగినది. ఎవరును బదులు పలుకలేదు. ఆమె సంతకము చేసినది. సాక్షులు కావలసియుండిరి. చదువుకొన్నవారమని మమ్ము పిలిచియుండిరి. మేమును సంతకము చేసితిమి.

సంస్కృతము చదివితిమి; ఆంగ్లము చదివితిమి; ద్రౌపది ప్రశ్నను ఏటేట తరగతిలో పాఠముగా చెప్పుచున్నాము. అదే ప్రశ్న మా యెదుట కుట్టుమిషను తోలు చేతులతో వచ్చి నిలువగా మేము గుర్తింపలేదు. గుర్తింపలేదనుట అసత్యము, గుర్తించియు ఊరకుంటిమి. పొరుగువారితో విరోధ మేలయని భయపడితిమి. ఇందులో సూక్ష్మ మేమియు లేదు. విదురుడు చెప్పిన భాగము మాకును చెందినది. గుడిమంటపమున బాలిక కూర్చుండినపుడు మాకు పౌరాణికునిపై కోపము రాలేదు. మా సంతకము కన్నుల యెదుట కదలినది.

ఇంతకును మేము కోరునది అసాధ్యమైనది కాదు. ఈ జంటనగరములలోనే భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అంటరానివారని ఊరు నెట్టివేసినవారిని మేల్కొలుపుటకు హరికథను సాధనముగా చేసికొనిరి. కథ నిద్రపుచ్చుటకే కాదు, మేలుకొలుపుటకును పనికివచ్చునని వారు చూపిరి. పౌరాణికులు వాలివధ చెప్పునాడు వాలి ప్రశ్నలను కత్తిరింపక చెప్పుదురు గాక. లక్కయిల్లు చెప్పునాడు ఆ ఆరుగురిని కూడ చెప్పుదురు గాక. గృహస్థులు బిడ్డలు ప్రశ్నించినపుడు, తెలిసిన జవాబును చెప్పవలెను. చెప్ప సిగ్గయినచో ఆ సిగ్గునైనను ఒప్పుకొనవలెను. పత్రములపై సాక్షి సంతకము చేయుటకు పిలువబడు మావంటివారు కలము తీయుటకు ముందు ఎవరు నష్టపోవుచున్నారని ఒక్కమాట అడుగవలెను.

'ధర్మసూక్ష్మ'మను మాటను నిషేధింపుమని మేము కోరము. ధర్మము నిజముగనే సూక్ష్మము. దానిని పలుకగోరువాడు మొదట తన చేతిసొమ్ము పోవుచోట, తన పరువు తగ్గుచోట ఒకసారి పలికి చూపవలెను. అట్లు పలికినవానిని చూచిననాడు ఆ బాలికతో పాటు మేమును కూర్చుండి ఆతని ప్రవచనమును విందుము.