మూత్ర పరీక్షతో క్యాన్సర్ గుర్తింపు: సీసా నింపడం సులువే, ఆ తర్వాతే అసలు పని

సూది గుచ్చక్కర్లేదు, స్కానింగ్ కేంద్రానికి వెళ్లక్కర్లేదు. ఇంట్లోనే చిన్న సీసాలో మూత్రం పట్టి ఇస్తే క్యాన్సర్ ఉందో లేదో తేలిపోతుందనే వార్తలు ఈ మధ్య తరచూ కనిపిస్తున్నాయి. 2024 జనవరిలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను మూత్రంతో పట్టే విధానాన్ని ప్రకటించారు. పీల్చిన నానో కణాలు కణితి దగ్గర ఒక గుర్తును విడుదల చేస్తాయి. అది మూత్రంలోకి చేరి కాగితపు పట్టీ మీద గీతగా కనిపిస్తుంది. అయితే ఆ ప్రయోగం జరిగింది ఎలుకల మీద.

ఇలాంటి పరీక్ష నిజంగా వస్తే భారత్ కంటే ఎక్కువ మేలు పొందే దేశం ఉండకపోవచ్చు. గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం దేశంలో ఏటా 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు వస్తున్నాయి, 9 లక్షలకు పైగా మరణాలు సంభవిస్తున్నాయి. చాలామందిలో జబ్బు ముదిరాకే బయటపడుతోంది. అందుకే మూత్ర పరీక్షల్లో ఏది నమ్మదగినదో, ఏది ఇంకా ప్రయోగశాల దాటలేదో విడదీసి చూడాలి.

అన్ని క్యాన్సర్లకూ ఒకే సీసా కుదరదు

మూత్రాశయ క్యాన్సర్ కణాలు నేరుగా మూత్రంలోకే రాలతాయి. వాటిని మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష దశాబ్దాలుగా ఉంది. అయినా ఏ లక్షణాలూ లేనివారికి మూత్రాశయ క్యాన్సర్ స్క్రీనింగ్ చేయవచ్చని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2011లో తేల్చింది. మూత్రంలో రక్తం కనిపించినవారికి, ఇప్పటికే చికిత్స పొందినవారికి మాత్రం ఈ పరీక్ష ఉపయోగపడుతుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు సంబంధించిన పీసీఏ3 అనే మూత్ర పరీక్షకు అమెరికా ఎఫ్‌డీఏ 2012లో అనుమతి ఇచ్చింది. అది కూడా అందరికీ చేసే మొదటి పరీక్షగా కాదు. ఒకసారి బయాప్సీలో ఏమీ కనిపించనివారికి మళ్లీ బయాప్సీ అవసరమా కాదా అని నిర్ణయించడానికి మాత్రమే. రొమ్ము, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాల నుంచి వచ్చే డీఎన్ఏ ముక్కలు రక్తంలోంచి కిడ్నీల ద్వారా వడకట్టుకుని మూత్రంలోకి చేరాలి. ఆ జాడ చాలా పలచన. వాటిని కచ్చితంగా పట్టే పరీక్షలు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి.

90 శాతం కచ్చితత్వం అంటే ఏమిటి?

ఒక ఉదాహరణ చూద్దాం. లక్షమందికి పరీక్ష చేశారనీ, వారిలో 500 మందికి నిజంగా క్యాన్సర్ ఉందనీ అనుకుందాం. పరీక్ష క్యాన్సర్ ఉన్నవారిలో 90 శాతం మందిని పడుతుంది, లేనివారిలో 90 శాతం మందికి లేదనే చెబుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ లెక్క వేస్తే 450 మంది దొరుకుతారు, 50 మంది తప్పిపోతారు. జబ్బు లేని 99,500 మందిలో 9,950 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 10,400 మందిలో నిజమైన రోగులు వందకు నలుగురే. మిగిలినవారంతా స్కాన్ల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిరగాలి. ఆ ఖర్చూ ఆ భయమూ పరీక్ష ధరలో కనిపించవు.

జపాన్‌లో ఇది అనుభవంలోకి వచ్చింది. 2020లో మార్కెట్లోకి వచ్చిన ఎన్-నోస్ పరీక్షలో సూక్ష్మమైన పురుగులు మూత్రం వాసనకు ఎలా స్పందిస్తాయో చూసి క్యాన్సర్ ముప్పు చెబుతారు. ఏ అవయవంలో ఉందో మాత్రం ఆ పరీక్ష చెప్పదు. ముప్పు ఎక్కువని ఫలితం వచ్చినవారు పెట్ స్కాన్ కేంద్రాలకు వెళ్లడం మొదలుపెట్టాక, దాని కచ్చితత్వంపై అక్కడి వైద్యులే ప్రశ్నలు లేవనెత్తారు.

భారత్‌కు పనికొచ్చే చోటు

ఈ చిత్రంలో ఒక్క క్యాన్సర్ విషయం మాత్రం వేరు. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దేశంలో ఏటా దాదాపు 1.27 లక్షలమంది మహిళలకు ఇది సోకుతోంది, సుమారు 80 వేలమంది చనిపోతున్నారు. దాదాపు అన్ని కేసులకూ కారణం హెచ్‌పీవీ వైరస్. ఇక్కడ మూత్రంలో వెతికేది క్యాన్సర్ జాడను కాదు, ఆ వైరస్ డీఎన్ఏను. ముఖద్వారం నుంచి రాలిన కణాలు, స్రావాలు మూత్రం మొదటి ధారతో కొట్టుకొస్తాయి. 14 అధ్యయనాలను కలిపి 2014లో బీఎంజే ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, వైద్యులు సేకరించిన నమూనాతో పోలిస్తే మూత్రంలో హెచ్‌పీవీని గుర్తించడంలో సున్నితత్వం 87 శాతం, నిర్దిష్టత 94 శాతం. పొరుగునున్న భూటాన్ 2010లో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ప్రభావాన్ని అంచనా వేయడానికి అక్కడ విద్యార్థినుల మూత్ర నమూనాలనే వాడారు.

హెచ్‌పీవీ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందనడానికి బలమైన ఆధారాల్లో ఒకటి తెలంగాణకు దూరం కాని మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా నుంచే వచ్చింది. సుమారు 1.3 లక్షలమంది మహిళలతో జరిగిన ఆ అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గ్రామాల్లో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అక్కడ నమూనా తీసింది మాత్రం ముఖద్వారం నుంచే.

ఆ నమూనా తీయడం దగ్గరే చిక్కు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం 30–49 ఏళ్ల మహిళల్లో ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. పరీక్ష బల్ల మీద పడుకోవాలంటే సిగ్గు, మహిళా డాక్టర్ లేకపోవడం, ఒక రోజు కూలి పోవడం, ఏ జబ్బూ లేకుండా ఆసుపత్రికి ఎందుకని ఇంట్లో అడ్డుచెప్పడం, అన్నీ కారణాలే. ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి సీసా ఇచ్చి వెళ్తే వీటిలో చాలావరకు తొలగిపోతాయి.

స్వయంగా నమూనా తీసుకునే పద్ధతిని డబ్ల్యూహెచ్‌వో 2021లోనే సిఫార్సు చేసింది. అయితే అది ప్రధానంగా యోని స్వాబ్ గురించి. మూత్రానికి అదే స్థాయి ఆమోదం రావాలంటే ఇక్కడి గ్రామాల్లో, ఇక్కడి ఎండల్లో అది నిలబడాలి. మామూలు మూత్ర పరీక్షకు మధ్య ధార పట్టమంటారు. దీనికి మొదటి ధారే కావాలి. డీఎన్ఏ చెడిపోకుండా నిల్వ ద్రావణం కలపాలి. ఈ రెండూ చెప్పకపోతే ఫలితం తప్పుతుంది.

సీసా తర్వాత

హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. చాలామందిలో వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోనివారికి కాల్పోస్కోపీ చేయాలి, మార్పులుంటే చికిత్స చేయాలి. అంటే ఆమె చివరికి ఆ బల్ల మీదికి రావాల్సిందే. తేడా ఏమిటంటే, వందమంది బదులు అవసరమున్న కొద్దిమందే వస్తారు. ఆ కొద్దిమందికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగానీ, ఏరియా ఆసుపత్రిలోగానీ పరికరం, శిక్షణ ఉన్న సిబ్బంది ఉండాలి. క్యాన్సరే అని తేలితే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖలోని హోమీ భాభా వంటి ఆసుపత్రులకు చేర్చే బాధ్యత ఎవరిదో ముందే తేలాలి. లేకపోతే చేతిలో పాజిటివ్ కాగితంతో ఆమె ఒంటరిగా మిగులుతుంది.

మరో సంగతి మరువకూడదు. తిరువనంతపురంలో జరిగిన అధ్యయనంలో నోటిని కంటితో చూసి చేసిన స్క్రీనింగ్ వల్ల పొగాకు, మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ ప్రచురించింది. దానికి కావాల్సింది మంచి వెలుతురు, శిక్షణ పొందిన కన్ను. అయినా ఆ పరీక్ష చేయించుకున్నవారు జాతీయ సర్వేలో మహిళల్లో 0.9 శాతం, పురుషుల్లో 1.2 శాతమే. పరికరం లేకపోవడం ఒక్కటే అడ్డంకి కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అన్ని క్యాన్సర్లనూ పట్టేస్తామనే ప్యాకేజీల మీద డబ్బు పెట్టేముందు, లక్షణాలు లేనివారిలో అది మరణాలను తగ్గించిందా అని అడగడం ప్రజల హక్కు. ప్రభుత్వాలు చేయాల్సిన పని వేరు. హెచ్‌పీవీ మూత్ర పరీక్షను ఒకటి రెండు జిల్లాల్లో, చికిత్స ఏర్పాటుతో సహా పరీక్షించి చూడాలి. ఎన్ని సీసాలు పంచారన్నది కాదు, పాజిటివ్ వచ్చినవారిలో ఎంతమందికి చికిత్స పూర్తయిందన్నదే లెక్కలోకి రావాలి.